ఇంటి సరుకుల లెక్క – 4వ పాఠం: లీటరు వేరు, కిలో వేరు

పోయిన పాఠంలో ధరల పుస్తకం పెట్టమన్నాను. పెట్టారు, సంతోషం. కానీ మీలో కొందరు ఫొటో తీసి పంపిన పేజీలు చూశాక, ఈ వారం చెప్పాల్సిన నిల్వ పాఠం పక్కన పెట్టేశాను. పప్పులో పురుగు సంగతి తర్వాత చూద్దాం. ముందు ఈ పేజీల సంగతి తేలాలి.

ఒంగోలు నుంచి వచ్చిన పేజీ ఒకటి ఇలా ఉంది:

కందిపప్పు – 170
కందిపప్పు – 92
కందిపప్పు – 48

48 చుట్టూ ఎర్ర ఇంకుతో సున్నా చుట్టి, పక్కన "ఈ కొట్టు చవక" అని రాసుకున్నారు. ఫోన్ చేసి అడిగితే తెలిసింది, అది పావుకిలో పొట్లం. పావు 48 అంటే కిలో 192. నడుమ ఉన్న 92 అరకిలోది, అంటే కిలో 184. మొదటి వరుసలో ఉన్న 170 ఒక్కటే కిలో ధర. మూడింట్లో చవక అదే. ఆమె ఎర్ర సున్నా చుట్టింది అన్నిటికంటే ఖరీదైన దానికి.

ఇందులో ఆమె తప్పేం లేదు. "ధర రాయండి" అన్నాను గానీ ఎంతకు ధరో రాయమని నేనే చెప్పలేదు. మా నాన్నకు కావలిలో కిరాణా కొట్టు ఉండేది. కొట్లో పెరిగిన పిల్లలకు ధర అంటే కిలో ధరే. పావుకిలో పొట్లం కట్టినా నోటితో చెప్పేది కిలో రేటే. అందరికీ అంతే అనుకున్నాను.

కాబట్టి పుస్తకంలో ఇంకో గడి గీయండి. పైన "కిలోకి" అని రాయండి. కొన్నది 100 గ్రాములైనా, 5 కిలోలైనా ఆ గడిలో పడేది కిలో ధర మాత్రమే. గడి ఎలా గీయాలో, ఫోన్లో భాగహారం ఎలా చేయాలో ఇక్కడ చెప్పను. కొట్లో నిలబడి ఫోన్ తీయడం నాకు ఇష్టం ఉండదు. నేను నోటి లెక్కతోనే లాగిస్తాను. 200 గ్రాములైతే ఐదుతో హెచ్చవేస్తాను. 800 గ్రాముల ప్యాకెట్ అయితే ధరకు నాలుగో వంతు కలుపుతాను. 850 అయితే ఆరో వంతు కలుపుతాను. రూపాయో రెండో అటూ ఇటూ అవుతుంది, అంత మాత్రం చాలు. పైసలు తేల్చాలంటే ఇంటికొచ్చి తేల్చుకోవచ్చు.

ఈ పాఠంలో నేను వేస్తున్న ధరలన్నీ లెక్క కోసం వేసినవే. మీ కొట్లో వేరే ఉంటాయి.

బియ్యం దగ్గర ఇద్దరు ముగ్గురు ఒకే చోట జారారు. ఒక బస్తా 1,450, ఇంకోటి 1,482 అని రాసి మొదటిదే తెచ్చుకున్నారు. మొదటిది 25 కిలోలు, రెండోది 26 కిలోలు. 1,450ని 25తో భాగిస్తే 58. 1,482ని 26తో భాగిస్తే 57. ఈ 26 కిలోల బస్తా ఎక్కడినుంచి ఊడిపడిందని ఒక అమ్మాయి అడిగింది. 2022 జూలై 18 నుంచి ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం 25 కిలోల వరకు ఉంటే 5 శాతం జీఎస్టీ పడుతుంది. ఆ గీత దాటడానికి మిల్లుల వాళ్లు ఒక కిలో ఎక్కువ పోసి కుట్టేశారు. అప్పటినుంచి మన వీధిలో రెండు రకాల బస్తాలూ పక్కపక్కనే నిలబడి ఉంటాయి, ఎత్తు చూస్తే తేడా తెలియదు. బస్తా మీద అంకె చదవండి.

బియ్యానికి కిలో ధర ఒక్కటే చాలదన్నది నా సొంత అభిప్రాయం. పాత బియ్యం అన్నం ఎక్కువ ఒదుగుతుంది. కొత్త బియ్యం కిలోకి రెండు రూపాయలు తక్కువకు వచ్చినా, సోల ఎక్కువ పోయాల్సి వస్తే ఏం మిగిలినట్టు? మా అత్తగారు ఏ పుస్తకమూ లేకుండా గింజ కొరికి చెప్పేసేవారు. నాకు ఆ నోరు రాలేదు. అందుకే బియ్యం గడి పక్కన "పాత", "కొత్త" అని ఒక మాట రాసుకుంటాను.

ఇక నూనె. ఈ పాఠం రాయడానికి అసలు కారణం ఇదే.

మీరు పంపిన పేజీల్లో నూనె సరిగ్గా రాసినది ఒక్కటీ లేదు. అందరూ "నూనె ప్యాకెట్ – ఇంత" అని రాశారు. ప్యాకెట్ అంటే ఏమిటి? కొట్టువాడిని అడిగితే "లీటరేనమ్మా" అంటాడు. తీసి చూస్తే ఒకదాని మీద 1 లీటరు, దాని పక్కన 910 గ్రాములు అని ఉంటుంది. ఇంకోదాని మీద 850 గ్రాములు. మరోదాని మీద 870 మిల్లీలీటర్లు. మూడూ అదే వెడల్పు, అదే మెరుపు, అదే పొద్దుతిరుగుడు పువ్వు బొమ్మ.

నూనె నీళ్లకంటే తేలిక. లీటరు నీళ్లు కిలో తూగుతాయి, లీటరు నూనె తూగదు, దాదాపు 910 గ్రాములే తూగుతుంది. లీటరు అన్నది ఎంత చోటు పట్టిందో చెబుతుంది, కిలో అన్నది ఎంత బరువుందో చెబుతుంది. కొట్లో ఈ రెండూ ఒకే మాటగా చెల్లిపోతుంటాయి, నాకు ఒళ్లు మండేది అక్కడే.

లెక్క చూడండి. లీటరు ప్యాకెట్ 150 రూపాయలు. 850 గ్రాముల ప్యాకెట్ 142 రూపాయలు. చేయి 142 మీదికే పోతుంది, ఎనిమిది రూపాయలు తక్కువ కదా. ఇప్పుడు రెండూ కిలోలోకి మార్చండి. 150ని 0.91తో భాగిస్తే 164 రూపాయల 84 పైసలు. 142ని 0.85తో భాగిస్తే 167 రూపాయల 6 పైసలు. తక్కువ అనుకున్నదే ఎక్కువైంది. తేడా కిలోకి రెండు రూపాయలే కదా అంటారా? రెండు రూపాయల గురించి కాదు నా గోల. మనం చవక అనుకుని సంచిలో వేసుకున్నాం, అదీ నా బాధ.

లీటరు ధరను కిలో ధరగా మార్చడానికి నా అడ్డదారి: పదో వంతు కలపండి. 150కి 15 కలిపితే 165. సరిపోయింది.

ఎండాకాలం సంగతి ఇంకొకటుంది. నూనె వేడెక్కితే ఉబ్బుతుంది. అంటే అదే లీటరు చోటులో తక్కువ బరువు పడుతుంది. సోయా నూనె లీటరు 21 డిగ్రీల దగ్గర 919 గ్రాములు తూగితే, 60 డిగ్రీల దగ్గర 892.6 గ్రాములే తూగుతుంది. కొన్ని కంపెనీలు ప్యాకెట్ మీద లీటరు అని పెద్దక్షరాల్లో వేసి, ఏ డిగ్రీల దగ్గర లీటరో మూలన చిన్నక్షరాల్లో వేసేవి. 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఆ డిగ్రీల మాట తీసేసి, కొలతతో పాటు బరువూ వేయమని చెప్పింది. అందుకని ఇప్పుడు బరువు ప్యాకెట్ మీదే దొరుకుతుంది. ఎండ ఎంత కాసినా బరువు మారదు. నూనె ఎప్పుడూ గ్రాముల్లో చదవండి, మిల్లీలీటర్లు మర్చిపోండి.

మా నాన్న కొట్లో వేరుశనగ నూనె డబ్బాలోంచి కొలత గ్లాసులోకి పోసేటప్పుడు పైన నురగ కట్టేది. నురగ అణిగేదాకా ఆగి, మళ్లీ పోసి, అప్పుడు గరాటు పెట్టి సీసాలో ఒంపేవాడు. గరాటు అంచున చివరి చుక్క జారేదాకా గ్లాసు వంచే ఉండేవాడు. వెనక నిలబడ్డవాళ్లు విసుక్కునేవాళ్లు. ఇప్పుడు గానుగ దగ్గర విడి నూనె కొనేవాళ్లు ఆ నురగ చూడండి. లేదంటే కాటా మీద పెట్టి కిలోల్లో ఇమ్మనండి. నేను కిలోల్లోనే అడుగుతాను.

ఇంత తెలిసిన నేనే ఒకసారి మోసపోయాను. గృహప్రవేశానికి వంటవాడు "పదిహేను డబ్బా ఒకటి తెండమ్మా" అన్నాడు. నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో రెండు హోల్‌సేల్ కొట్లలో ధర అడిగాను. రెండో కొట్లో వంద రూపాయలు తక్కువ చెప్పారు. ఎగిరి గంతేసి తెచ్చాను. ఇంట్లో మూత తీయబోతూ చూస్తే డబ్బా మీద 15 లీటర్లు అని ఉంది. మొదటి కొట్టువాడు చెప్పింది 15 కిలోల డబ్బా ధర. 15 లీటర్లంటే 13 కిలోల 650 గ్రాములు. కిలో 350 గ్రాముల నూనె తక్కువ. కిలో 165 చొప్పున 222 రూపాయలు పైచిలుకు. వందకు ఆశపడి అంత పోగొట్టుకున్నాను, పైగా మర్నాడు గారెలు సగంలో ఉండగా నూనె చాలక పిల్లాణ్ని పక్క వీధికి పరుగెత్తించాను. కొట్టువాడు అబద్ధం ఆడలేదు. "పదిహేను" అని అడిగాను, పదిహేనే ఇచ్చాడు.

ఆవకాయ రోజుల్లో డబ్బాలు కొనేవాళ్లు ఈ ముక్క ఇంట్లో అందరికీ చెప్పండి. పప్పునూనె డబ్బాలకూ ఇదే లెక్క.

ప్యాకెట్ల మీద మీరు చూడని గీత ఇంకొకటుంది. ఎంఆర్‌పీ దగ్గరే యూనిట్ ధర అని, కొన్నిటి మీద యు.ఎస్.పి. అని, ఉంటుంది. కిలో లోపు ప్యాకెట్ అయితే గ్రాముకు ఎంతో, కిలో దాటితే కిలోకు ఎంతో వేస్తారు. "గ్రాముకు రూ. 0.24" అని ఉంటే వెయ్యితో హెచ్చవేయండి, కిలో 240. మన తలనొప్పి సగం తగ్గించే గీత ఇది. కాకపోతే అది ఎంఆర్‌పీ మీద వేసిన లెక్క. కొట్టువాడు తగ్గించి ఇస్తే ఆ అంకె పనికిరాదు, మళ్లీ మన భాగహారమే.

పెద్ద ప్యాకెట్ ఎప్పుడూ చవక అని ముగ్గురు రాశారు. షాంపూ దగ్గర చూడండి. ఐదారు మిల్లీలీటర్లు పట్టే రూపాయి పొట్లాలు ఓ ముప్పై కొనండి, పెద్ద సీసాతో పోల్చండి. చాలాసార్లు పొట్లాలే గెలుస్తాయి. చెత్త పెరుగుతుందంటే అది నిజమే, దాని లెక్క మీరు వేసుకోండి.

కూరగాయలకు పెద్దగా చెప్పేదేం లేదు. రైతుబజార్లో బోర్డు మీద కిలో ధరలే ఉంటాయి. తోపుడు బండి దగ్గర "పావు ఇరవై" అని వినగానే నోట్లో "ఎనభై" అనుకోండి. కొత్తిమీర కట్టకు లెక్క కుదరదు, వదిలేయండి.

రొయ్యలు మాత్రం వదలను, మనం నెల్లూరోళ్లం. కిలో 360 పెట్టి తెచ్చి, వొలిచి, తలా తోకా తీసి తూచాను. 550 గ్రాములు వచ్చాయి. అంటే తినే రొయ్య కిలో 654 పడింది. వొలిచినవి అదే వీధిలో 600కు అమ్ముతున్నారు. లెక్క ప్రకారం వొలిచినవే కొనాలి. అయినా నేను వొలవనివే కొంటాను. తల చూస్తేనే రొయ్య తాజాదో కాదో నాకు తెలుస్తుంది. ఈ ఒక్కచోట నా లెక్కను నేనే పాటించను, మీరు పాటించండి.

అభ్యాసం. కొంచెం కష్టంగానే ఇస్తున్నాను.

ఈ ఆదివారం పర్సు ఇంట్లో పెట్టి మూడు కొట్లకు వెళ్లండి: ఒకటి వీధి కిరాణా, ఒకటి సూపర్‌మార్కెట్, ఒకటి హోల్‌సేల్. డబ్బు లేకపోతే కొనాలన్న తొందర ఉండదు. కందిపప్పు, మినపగుళ్లు, చక్కెర, నూనె, బట్టల సబ్బుపొడి, ఈ ఐదింటికీ కనీసం రెండు సైజుల ప్యాకెట్లు చూసి, ఒక్కోదాని బరువు, అడిగిన ధర, కిలోకి ధర రాయండి. ముప్పై వరుసలు అవుతాయి. హోల్‌సేల్ కొట్టు దూరమైతే ఆటో ఖర్చు కింద విడిగా రాయండి, దాన్ని ఏం చేయాలో తర్వాత చెబుతాను. కొట్టువాడు "ఏం కావాలమ్మా" అని మూడోసారి అడిగితే సిగ్గుపడకుండా "ధరలు చూసుకుంటున్నా, ఒకటో తారీఖున వస్తా" అనండి. మా నాన్న అలాంటి వాళ్లకు కుర్చీ వేసేవాడు.

ఇంట్లో కాటా ఉన్నవాళ్లకు ఇంకొక పని. నూనె ప్యాకెట్ కత్తిరించక ముందు తూచండి. నూనె డబ్బాలోకి ఒంపి, ఖాళీ కవరు మళ్లీ తూచి తీసేయండి. మిగిలింది ప్యాకెట్ మీద వేసిన గ్రాములతో సరిపోయిందా లేదా రాసి పంపండి. ఐదు పది గ్రాముల తేడాకు కంగారు పడొద్దు, మన వంటింటి కాటాలు అంత నిక్కచ్చివి కావు. యాభై గ్రాములు తక్కువ వస్తే మాత్రం అదే కంపెనీది ఇంకో ప్యాకెట్ తూచండి. అదీ తక్కువే ఉంటే కవర్లు పారేయకుండా, బిల్లు దగ్గర పెట్టుకుని 1915కి ఫోన్ చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్.

పాత పేజీలు చింపొద్దు. ఎర్ర సున్నా చుట్టిన ఒంగోలు అక్కా, మీరు అసలే చింపొద్దు. దాని కిందే కొత్త గడి గీసి 192 అని రాయండి.