నాన్న లాప్‌టాప్‌లో ఉబుంటు అప్‌డేట్స్: మన పాస్‌వర్డ్ చెప్పకుండా ఎలా చేయాలి?

బెంగళూరు మారతహళ్లిలో మా ఇంట్లో ఉన్నది ఒకే లాప్‌టాప్, అందులో విండోస్ బదులు ఉబుంటు అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్. పగలంతా నాన్న వాడతారు. ఒకరోజు నేను ఆఫీసులో మీటింగ్‌లో ఉండగా ఫోన్ చేశారు. "ఒరేయ్, ఏవో అప్‌డేట్స్ ఉన్నాయంటోంది. నొక్కితే నీ పాస్‌వర్డ్ అడుగుతోంది. ఏం కొట్టమంటావు?" హడావిడిలో చెప్పేశాను. ఆదివారం చూస్తే ఆ పాస్‌వర్డ్ చిన్న చీటీ మీద, ఒక్కో అక్షరం విడివిడిగా రాసి, కీబోర్డు పక్కన టేపుతో అతికించి ఉంది. అందులో నాన్న తప్పేమీ లేదు. ఆయనకు వేరే దారి నేను చూపించలేదు.

ఉబుంటు ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పెట్టే మొదటి ఖాతా అడ్మినిస్ట్రేటర్ ఖాతా అవుతుంది. తర్వాత చేర్చేవి, మనం మార్చితే తప్ప, మామూలు ఖాతాలే. అప్‌డేట్ చేయడమంటే ఇంట్లో అందరూ వాడే సిస్టమ్ ఫైళ్లను మార్చడం. మామూలు ఖాతాకు ఆ అధికారం ఉండదు కాబట్టి నాన్న తన పాస్‌వర్డ్ ఎన్నిసార్లు కొట్టినా పని జరగదు. "మరి ఫైర్‌ఫాక్స్ అడక్కుండానే కొత్తదైందే?" అని నాన్న అడిగారు. ఉబుంటు 21.10 వెర్షన్ నుంచి ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ స్నాప్ రూపంలో, అంటే కావలసినవన్నీ తనలోనే ఉన్న విడి ప్యాకేజీగా, వస్తోంది. స్నాప్‌లు ఎవరినీ అడక్కుండా వాటంతటవే అప్‌డేట్ అవుతాయి.

ముందు ఎవరికి అధికారం ఉందో చూడండి. టెర్మినల్ (ఆదేశాలు టైపు చేసే కిటికీ) తెరిచి, ఇంగ్లిష్ అక్షరాల్లో 'గ్రూప్స్' అని కొట్టి ఎంటర్ నొక్కండి. వచ్చిన వరుసలో 'సుడో' అనే పేరుంటే ఆ ఖాతా అడ్మినిస్ట్రేటర్. ఫెడోరా అనే మరో లినక్స్‌లో అయితే 'వీల్' అనే పేరు వెతకండి.

భద్రత అప్‌డేట్స్‌ను కంప్యూటర్‌కే వదిలేయండి. నన్నడిగితే, చాలా ఇళ్లకు ఇదొక్కటే చాలు. అడ్మినిస్ట్రేటర్ ఖాతాతో లాగిన్ అయి 'సాఫ్ట్‌వేర్ అండ్ అప్‌డేట్స్' తెరిచి, 'అప్‌డేట్స్' ట్యాబ్‌లోకి వెళ్లండి. ఎంత తరచుగా వెతకాలి అన్నచోట 'డైలీ' పెట్టండి. సెక్యూరిటీ అప్‌డేట్స్ వచ్చినప్పుడు ఏం చేయాలి అన్నచోట 'డౌన్‌లోడ్ అండ్ ఇన్‌స్టాల్ ఆటోమేటికల్లీ' ఎంచుకోండి. ఆ పని సిస్టమే తన అధికారంతో వెనకాల చేసుకుంటుంది, ఎవరి పాస్‌వర్డూ అక్కర్లేదు. మిగతా అప్‌డేట్స్ నేను ఆదివారం కూర్చుని చేస్తాను. రీస్టార్ట్ చేయమని అడిగితే మాత్రం చేసేయమని నాన్నకు చెప్పాను. సిస్టమ్‌కు గుండెలాంటి కెర్నెల్ కొత్తదైతే రీస్టార్ట్ చేసేదాకా పాతదే నడుస్తుంటుంది.

ఇంట్లో ఇంకొకరికి నిజంగా అధికారం కావాలంటే, మీ పాస్‌వర్డ్ ఇవ్వకండి, వాళ్ల ఖాతానే అడ్మినిస్ట్రేటర్ చేయండి. 24.04లో సెట్టింగ్స్, సిస్టమ్, యూజర్స్ దాకా వెళ్లి 'అన్‌లాక్' నొక్కి, వాళ్ల పేరు దగ్గర 'అడ్మినిస్ట్రేటర్' స్విచ్ ఆన్ చేయాలి. వాళ్లు ఒకసారి లాగౌట్ అయి మళ్లీ వస్తేనే అది పూర్తిగా అమల్లోకి వస్తుంది.

టెర్మినల్‌లో చేసేవాళ్లు ఖాతాను గ్రూపులో చేర్చే 'యూజర్‌మాడ్' ఆదేశం వాడతారు. అందులో గీత తర్వాత చిన్న 'ఏ', పెద్ద 'జీ' రెండూ ఉండాలి. ఆ చిన్న 'ఏ' మర్చిపోతే కొత్త గ్రూపు చేరడంతోపాటు పాత అదనపు గ్రూపులన్నీ పోతాయి. నాకిది అనుభవమే. నా ఖాతాను వేరే గ్రూపులో చేర్చబోయి 'సుడో'లోంచి నన్ను నేనే తీసేసుకున్నాను. ఇంట్లో అడ్మినిస్ట్రేటర్ నేనొక్కడినే. రాత్రి పదకొండింటికి రికవరీ మోడ్‌లోకి వెళ్లి, రూట్ షెల్ (పూర్తి అధికారంతో ఆదేశాలు ఇచ్చే చోటు) తెరిచి మళ్లీ చేర్చుకునేదాకా టెన్షనే.

అప్‌డేట్స్ చేసే 'ఆప్ట్' ఆదేశానికి పాస్‌వర్డ్ తీసేయడం మాత్రం వద్దు. ఎవరికి ఏ అధికారమో రాసి ఉండే సుడోయర్స్ ఫైల్లో ఒక లైను రాస్తే నాన్న ఖాతా పాస్‌వర్డ్ లేకుండా అప్‌డేట్ చేయగలదన్న మాట నిజమే. కానీ అప్‌డేట్ మధ్యలో ఒక సెట్టింగ్స్ ఫైలు మారిందని తేలితే, పాతది ఉంచాలా కొత్తది పెట్టాలా అని సిస్టమ్ అడుగుతుంది. అక్కడ 'జెడ్' నొక్కితే షెల్ తెరుచుకుంటుంది, అదీ రూట్ అధికారంతో. అప్‌డేట్ ఒక్కటే ఇచ్చామనుకుంటాం, కానీ ఇచ్చింది ఇంటి తాళాల గుత్తి మొత్తం.

మీరు స్వయంగా అప్‌డేట్ మొదలుపెట్టినప్పుడు, లాక్ (ఒకేసారి రెండు అప్‌డేట్లు నడవకుండా వేసే తాళం) దొరకలేదు అనే సందేశం వస్తే కంగారు పడకండి. చాలాసార్లు ఆ ఆటోమేటిక్ అప్‌డేటే వెనకాల నడుస్తుంటుంది. కాసేపు ఆగి మళ్లీ ప్రయత్నించండి. ఆ లాక్ ఫైలును చెరిపేయమని ఎవరైనా సలహా ఇచ్చినా చెరపకండి, సగంలో ఉన్న పని చెడుతుంది. కరెంటు పోయే వేళల్లో లాప్‌టాప్‌లో ఛార్జింగ్ చూసుకున్నాకే పెద్ద అప్‌డేట్ మొదలుపెట్టండి. అయినా మధ్యలో ఆగిపోతే, అడ్మినిస్ట్రేటర్ ఖాతాలోంచి 'సుడో డీపీకేజీ' కొట్టి, ఖాళీ వదిలి, రెండు గీతలతో 'కాన్ఫిగర్', మళ్లీ ఖాళీ వదిలి ఒక గీతతో చిన్న 'ఏ' కొట్టండి. సగంలో ఆగిన ప్యాకేజీలను అది పూర్తిచేస్తుంది. పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు తెరమీద చుక్కలు కూడా కనపడకపోవచ్చు. అయినా అక్షరాలు పడుతూనే ఉంటాయి, పూర్తిగా కొట్టి ఎంటర్ నొక్కండి.