ఎమ్మెల్యే బొమ్మతో వెంచర్ ఫ్లెక్సీ: తప్పెక్కడ, ఫిర్యాదెవరికి?

కర్నూలు-నంద్యాల రోడ్డు మీదైనా, అనంతపురం నుంచి బెంగళూరు వెళ్లే హైవే పక్కనైనా వెంచర్ ఫ్లెక్సీల్లో ప్లాటు ధర కన్నా నాయకుడి బొమ్మే పెద్దగా ఉంటుంది. ఎమ్మెల్యే గానీ ఎంపీ గానీ ప్రైవేటు కంపెనీకి ప్రచారం చేయకూడదని నేరుగా చెప్పే చట్టం మనకు లేదు. హిందూపురం ఎమ్మెల్యేగా ఉంటూనే బాలకృష్ణ నగల దుకాణం ప్రకటనల్లో నటించారు. అది నేరం కాదు. అందుకే 'ఎమ్మెల్యే ఫొటో వేశారు' అని ఒక్క ముక్క రాసిస్తే ఆ అర్జీ బుట్టదాఖలే. ఏ గీత దాటారో పట్టుకోవాలి.

మొదట ఫ్లెక్సీ మొత్తం కనిపించేలా ఒక ఫొటో, అడుగున ఉన్న చిన్న అక్షరాలు చదవగలిగేలా మరొకటి తీయండి. చోటు, తేదీ రాసుకోండి. గొడవ మొదలైతే రాత్రికి రాత్రే పీకేస్తారు. బ్రోచరు, వాట్సాప్‌లో తిరిగే ప్రారంభోత్సవం వీడియో కూడా దాచుకోండి.

ఫొటోలో మూడు సింహాల గుర్తు ఉందా? అది జాతీయ చిహ్నం, దాన్ని వ్యాపారానికి వాడితే దాని దుర్వినియోగాన్ని నిషేధించే 2005 చట్టం కింద రెండేళ్ల దాకా జైలు, 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఎమ్మెల్యే తన లెటర్‌హెడ్ మీద ఆ గుర్తు వేసుకోవచ్చు గానీ, ఆ ఉత్తరాన్ని కంపెనీ బ్రోచర్లో అచ్చేసుకుంటే మాత్రం ఇరుక్కుంటుంది. ప్రధాని పేరు, బొమ్మ వ్యాపారానికి వాడాలంటే చిహ్నాలు, పేర్ల దుర్వినియోగాన్ని అడ్డుకునే 1950 చట్టం ప్రకారం కేంద్రం అనుమతి ముందే ఉండాలి. 2016లో ప్రధాని బొమ్మతో ప్రకటనలిచ్చిన జియో, పేటీఎం ఆ తర్వాత క్షమాపణ చెప్పాయి. అప్పటికి ఆ చట్టంలో జరిమానా 500 రూపాయలే, ఇక భయమెక్కడిది? ముఖ్యమంత్రి బొమ్మ ఆ జాబితాలోనే లేదు.

మంత్రులకు కేంద్రం రూపొందించిన ప్రవర్తనా నియమావళి ఉంది. పదవి చేపట్టేముందే వ్యాపార నిర్వహణ నుంచి తప్పుకోవాలి, దాన్ని భార్యకో భర్తకో అప్పగించకూడదు. రాష్ట్ర మంత్రులు దాన్ని పాటిస్తున్నారా లేదా చూడాల్సింది ముఖ్యమంత్రి. అది చట్టం కాదు కాబట్టి కోర్టులో పెద్దగా నిలవదు.

అసలు పట్టు వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో ఉంది. నాయకుడు రిబ్బన్ కత్తిరించి వెళ్లిపోతే సాధారణంగా అది ఆ చట్టం చెప్పే సిఫార్సు, అంటే సరుకు మంచిదని జనానికి చెప్పడం, కిందికి రాదు. మైకు పట్టుకుని 'ఇక్కడ కొంటే రెండేళ్లలో రెట్టింపు, నాది పూచీ' అంటే వస్తుంది. ఆ మాట తప్పుదోవ పట్టించేదైతే సెక్షన్ 21 కింద సిఫార్సు చేసినవారికి 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా. ఏడాది పాటు ప్రకటనల్లో కనిపించకుండా నిషేధించనూవచ్చు. నిజానిజాలు తగినంత విచారించాకే చెప్పానని నిరూపిస్తే తప్పించుకోవచ్చు. కనుక వీడియోలో ఆ మాట ఎన్నో నిమిషంలో ఉందో అర్జీలో రాయండి.

తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద కేంద్రం తెచ్చిన 2022 మార్గదర్శకాల ప్రకారం కంపెనీతో ఉన్న సంబంధాన్ని దాచిపెట్టి సిఫార్సు చేయకూడదు. ఎన్నికల సంఘం వెబ్‌సైట్లో నాయకుడి ఫారం 26 అఫిడవిట్ తీసి, భార్యాపిల్లల షేర్లతో సహా చూడండి. కార్పొరేట్ వ్యవహారాల శాఖ సైట్లో దొరికే డైరెక్టర్ల పేర్లతో పోల్చండి. బావమరిది పేరు అఫిడవిట్లో దొరకదు, అక్కడ జాగ్రత్త.

వెంచరైతే రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు చూడండి. 500 చదరపు మీటర్లు, అంటే 12 సెంట్ల పైన ఉన్న లేఅవుట్‌కు రెరా రిజిస్ట్రేషన్ లేకుండా ప్రకటనే వేయకూడదు. వేస్తే ప్రాజెక్టు అంచనా వ్యయంలో 10 శాతం దాకా జరిమానా, అది కట్టాల్సింది ప్రమోటరు. కుడా (కర్నూలు), అహుడా (అనంతపురం-హిందూపురం) పట్టణాభివృద్ధి సంస్థల అప్రూవల్ ఉందని చెబితే ఎల్.పి. నంబరు, అంటే లేఅవుట్ అనుమతి నంబరు, అడగండి.

ప్రొద్దుటూరు బంగారం అంగళ్లలో నెలనెలా డబ్బు కట్టే స్కీములు 11 నెలలకే ఎందుకుంటాయి? కంపెనీ సరుకు కోసం తీసుకున్న అడ్వాన్సుకు 365 రోజుల్లోగా సరుకు ఇవ్వకపోతే అది డిపాజిట్టే. అనుమతి లేని డిపాజిట్ స్కీములో చేరమని తెలిసి తెలిసీ ఎవరిని పురమాయించినా, నాయకుడైనా సరే, అలాంటి స్కీములను నిషేధించే మరో 2019 చట్టం కింద ఏడాది నుంచి ఐదేళ్ల దాకా జైలు. ఇలాంటి డిపాజిట్ల మీద ఫిర్యాదుల కోసం ఉన్న ఆర్‌బీఐ సచేత్ పోర్టల్లోనూ ఫిర్యాదు చేయొచ్చు.

తప్పుడు ప్రకటన మీద అర్జీని నేరుగా జిల్లా కలెక్టర్‌కు ఇవ్వొచ్చు, వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 17లో ఆ వీలుంది. సోమవారం గ్రీవెన్స్‌లో ఇచ్చి రసీదు నంబరు తీసుకోండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. డబ్బు తీసుకుని పదవి పలుకుబడి వాడారని ఆధారముంటే ఏసీబీకి 1064. స్టేషన్లో 'ఇది సివిల్ మ్యాటర్' అని పంపించేస్తే, ఆ మాటే కాగితం మీద రాసిమ్మనండి.