రోహిణి కార్తె రాకముందే: టర్బో కారుకి ట్యూనింగ్ సాఫ్ట్‌వేర్ వేయించుకునేవాళ్లకి జాగ్రత్తలు

మూడేళ్ల కిందట డిసెంబరులో బెంగళూరు వెళ్లి నా చిన్న టర్బో పెట్రోల్ కారుకి స్టేజ్ వన్ సాఫ్ట్‌వేర్ (ఇంజన్ భాగాలు మార్చకుండా, దాన్ని నడిపే కంప్యూటర్‌లో లెక్కలు మార్చి పవర్ పెంచేది) వేయించుకొచ్చాను. తెల్లవారుజామున నాయుడుపేట దగ్గర హైవే ఎక్కాక కారు కొత్తదైపోయినట్టు అనిపించింది. నెల్లూరు వచ్చేదాకా నవ్వుకుంటూనే నడిపాను.

మే నెలలో అదే కారు. మధ్యాహ్నం రెండు గంటలకి కావలి దాటాక ఒక లారీని ఓవర్‌టేక్ చేయబోతే పికప్ రాలేదు. రాకపోగా, రేకుడబ్బాలో గులకరాళ్లు వేసి ఆడించినట్టు ఇంజన్‌లో శబ్దం. భయమేసి వెనక్కి తగ్గాను. మర్నాడు ఆటోనగర్‌లో మా మెకానిక్ పెద్దాయనకి చూపిస్తే, ఆయన బానెట్ కూడా ఎత్తకుండా, "అబ్బయా, చలికాలంలో కుట్టించిన కోటు వేసుకుని ఎండలో తిరుగుతుండావు" అన్నాడు. సాఫ్ట్‌వేర్ వేసినవాళ్లకి ఫోన్ చేస్తే, "మా దగ్గర అన్నీ బాగానే ఉన్నాయి సార్" అన్నారు. వాళ్ల దగ్గర బాగానే ఉంటాయి మరి. వాళ్లది బెంగళూరు, డిసెంబరు.

అందుకే ఈ వేసవికి ముందు ఎవరైనా "అన్నా, ఏ ట్యూన్ మంచిది" అని అడిగితే, ఎంత హార్స్‌పవర్ వస్తుందో పక్కన పెట్టి, మన ఎండకీ మన బంకు పెట్రోల్‌కీ అది తయారైందో లేదో ముందు కనుక్కోమంటున్నాను.

ఎండ ఇంజన్‌ని ఏం చేస్తుంది

టర్బో గాలిని నొక్కుతుంది. నొక్కితే గాలి వేడెక్కుతుంది. ఆ వేడిని తగ్గించడానికి ఇంటర్‌కూలర్ ఉంది గానీ, అది చల్లార్చేది బయటి గాలితోనే. బయటే 44 డిగ్రీలుంటే లోపలికి వెళ్లే గాలి అంతకంటే చల్లగా ఉండే మాటే లేదు. టోల్ గేటు క్యూలో పది నిమిషాలు నిలబడితే ఇంకా పైకి పోతుంది. 25 డిగ్రీల గాలికీ 45 డిగ్రీల గాలికీ సాంద్రతలో దాదాపు 6 శాతం తేడా ఉంటుంది. అంటే ఇంజన్‌కి అందే ఆక్సిజన్ కూడా అంత తగ్గుతుంది. ఇప్పటి ఈసీయూలు (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్లు) చాలావరకు ఇంత టార్క్ (తిప్పే బలం) ఇవ్వాలి అని లెక్క పెట్టుకుని పనిచేస్తాయి కాబట్టి, ఆ లోటు పూడ్చడానికి బూస్ట్ (టర్బో నొక్కే గాలి ఒత్తిడి) పెంచుతాయి. బూస్ట్ పెరిగితే వేడి ఇంకా పెరుగుతుంది.

వేడి గాలి, ఎక్కువ ఒత్తిడి, తక్కువ ఆక్టేన్ (తనంతట తాను పేలకుండా తట్టుకునే శక్తి) ఉన్న పెట్రోల్ కలిస్తే నాకింగ్. ప్లగ్గు వెలిగించిన మంట సిలిండర్ అంతా పాకేలోపే, ఒక మూలనున్న మిశ్రమం తనంతట తానే పేలుతుంది. నాక్ సెన్సర్ అది విని చెప్తే, ఈసీయూ ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి తీస్తుంది, అంటే ప్లగ్గుని కాస్త ఆలస్యంగా వెలిగిస్తుంది. పికప్ చచ్చిపోయేది అందుకే. టైమింగ్ వెనక్కి పోయేకొద్దీ ఎగ్జాస్ట్ వేడి పెరిగి, ఆ వేడంతా టర్బో మీద పడుతుంది.

కంపెనీ నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్‌లో దీనికంతా జాగా వదిలి ఉంటుంది. చలిదేశంలోనూ ఎడారిలోనూ అదే కారు నడవాలి కదా. స్టేజ్ వన్ అంటే ఆ వదిలిన జాగాలోంచి కొంత తీసుకుని వాడుకోవడం. బాగా చేసేవాళ్లు లోపలికి వచ్చే గాలి వేడిని బట్టి బూస్ట్, టైమింగ్ తగ్గించే పట్టికలని అలాగే ఉంచి, వాటిని కూడా కొత్త లెక్కకి సరిదిద్దుతారు. చేతకానివాళ్లు ఆ పట్టికలని చదును చేసేస్తారు, అంటే గాలి ఎంత వేడెక్కినా ఏదీ తగ్గదు. డైనో (కారుని రోలర్ల మీద నడిపి పవర్ కొలిచే యంత్రం) కాగితం మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. రోళ్లు పగిలే ఎండలో రోహిణి కార్తె వచ్చాక గానీ తేడా తెలియదు.

ఏ రకం తీసుకోవాలి

ఫోక్స్‌వ్యాగన్, స్కోడా, ఆడి కార్లకి ఏపీఆర్, యూనిట్రానిక్ లాంటి కంపెనీల రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ ఫైళ్లున్నాయి. బీఎండబ్ల్యూ వాళ్లు ఫోన్ నుంచే వేసుకునే ఎంహెచ్‌డీ యాప్ వాడతారు. సుబారు లాంటి వాటికి కాబ్ అనే కంపెనీది చేతిలో పట్టుకునే పరికరం ఉంది. ఇవి వేల కార్లలో నలిగిన ఫైళ్లు. కానీ ఏ ఆక్టేన్‌కి రాసిన ఫైలో చూడకుండా కొనొద్దు. అమెరికాలో బంకు మీద 93 అని రాస్తే అది మన 93 కాదు. వాళ్లు రెండు రకాల ఆక్టేన్ లెక్కల సగటు రాస్తారు, మనం వాటిలో ఒకటైన ఆర్ఓఎన్ మాత్రమే రాస్తాం. వాళ్ల 93 మన లెక్కలో సుమారు 98. ఈ ఒక్క తికమకతో ఇంజన్లు పాడుచేసుకున్నవాళ్లున్నారు.

రెండోది, మన కారుకే కూర్చుని చేసే కస్టమ్ ట్యూన్. మంచి చేయి పడితే దీన్ని మించింది లేదు. అయితే ఆ చేయి మే నెలలో కూడా ఫోన్ ఎత్తాలి. "ఎండాకాలంలో లాగ్ (కారు నడుస్తుండగా సెన్సర్ల అంకెల రికార్డు) తీసి పంపిస్తే ఫైలు సరిచేసి ఇస్తారా, దానికి మళ్లీ డబ్బులా?" అని ముందే అడగండి. దీనికి నీళ్లు నమిలితే అక్కడి నుంచి వచ్చేయండి. నేను అడగలేదు, అదే నా తప్పు.

సెన్సర్ల మధ్యలో తగిలించే ట్యూనింగ్ బాక్స్ ఇంకొకటి. విప్పేయడం తేలికని చాలామంది దానికి మొగ్గుతారు. వాటిలో చాలావరకు చేసేది, బూస్ట్ తక్కువుందని ఈసీయూకి అబద్ధం చెప్పడం. ఎండలో ఈసీయూ తీసుకునే నిర్ణయాలన్నీ ఆ అబద్ధం మీదే నడుస్తాయి. నాకు ఇష్టం లేదు.

ఇక నాలుగో రకం: "అన్నా, ఫైలు నా దగ్గర ఉంది, మూడు వేలు ఇవ్వు" అని వాట్సాప్‌లో వచ్చేది. ఎవరి కారుకో రాసింది, ఎవరో పగలగొట్టి తీసింది. చెక్‌సమ్ (ఫైలు చెడిపోలేదని ఈసీయూ సరిచూసుకునే అంకె) సరిగ్గా లేకపోతే కారు స్టార్ట్ కూడా కాకపోవచ్చు. దీని గురించి ఇంతకంటే రాయను.

ఏది తీసుకున్నా రెండు విషయాలు తేల్చుకోండి. అసలు కంపెనీ ఫైలు కాపీ మీ చేతికి ఇస్తారా, మీరే వెనక్కి వేసుకోగలరా? ఇంజన్ లోపల ఏం జరుగుతోందో లాగ్ తీసుకునే వీలుందా? ఈ రెండూ లేని సాఫ్ట్‌వేర్ ఎంత పేరున్నదైనా మన జిల్లాలకి పనికిరాదు.

పెట్రోల్ సంగతి

మామూలు పెట్రోల్‌కి మన దగ్గర చాలా ఏళ్లు కనీసం 91 ఆక్టేన్ అని లెక్క ఉండేది. ఇండియన్ ఆయిల్ ఎక్స్‌పీ95, ఎక్స్‌పీ100, భారత్ పెట్రోలియం స్పీడ్ 97 లాంటివి పైమెట్లు. 97కి రాసిన ఫైలు వేయించుకుని నెల్లూరులో అలవాటైన బంకులో పట్టించుకున్నంతకాలం బాగానే ఉంటుంది. శ్రీశైలం పోదామని బయల్దేరి మార్కాపురం దాటి దోర్నాలలో ట్యాంకు నింపాల్సి వస్తే, అక్కడ దొరికిందే పోసుకుని ఘాట్ ఎక్కాలి. ఎక్కుడు రోడ్డు, నిండా మనుషులు, ఏసీ, మే నెల. నాక్ కొట్టడానికి ఇంతకంటే మంచి ముహూర్తం లేదు. అందుకని తక్కువ ఆక్టేన్‌కి రాసిన మ్యాప్ (లెక్కల పట్టిక) ఒకటి అదనంగా ఇచ్చి, అవసరమైనప్పుడు మార్చుకునే వీలున్న సాఫ్ట్‌వేర్‌కే నా ఓటు. లేకపోతే మామూలు పెట్రోల్‌కే రాయించుకోండి. పది హార్స్‌పవర్ తగ్గితే ప్రాణం పోదు.

ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్, అదే ఈ20. ఇథనాల్ నాకింగ్‌ని అడ్డుకుంటుంది, అది మంచిదే. కానీ పూర్తిగా మండడానికి పెట్రోల్‌కి ఒక పాలుకి 14.7 పాళ్ల గాలి కావాలి, ఇథనాల్‌కి 9 పాళ్లు చాలు. అంటే అదే గాలికి ఎక్కువ ఇంధనం పోయాలి. ట్యూన్ చేసిన కారులో ఇంజెక్టర్లు, హైప్రెషర్ పంపు ముందే అంచు దాకా పనిచేస్తుంటాయి కాబట్టి ఆ ఎక్కువ పోయడానికి జాగా మిగలకపోవచ్చు. ఈ20 రాకముందు వేయించుకున్న ఫైలైతే ఈ వేసవికి ముందు ఒకసారి లాగ్ తీయించి, ఫుల్ యాక్సిలరేటర్‌లో రైల్ ప్రెషర్ (ఇంజెక్టర్లకి ఇంధనం అందే ఒత్తిడి) పడిపోతోందేమో చూడమని చెప్పండి.

గేర్‌బాక్స్ ఒకటుందని మర్చిపోవద్దు

ఫోక్స్‌వ్యాగన్, స్కోడా వాళ్ల ఏడు గేర్ల డ్రై క్లచ్ (ఆయిల్‌లో మునగని క్లచ్) డీఎస్‌జీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌ని 250 న్యూటన్ మీటర్ల టార్క్‌కి తయారుచేశారు. పాత పోలో జీటీ 1.2 టీఎస్‌ఐ ఇచ్చేది 175, కాబట్టి కొంత జాగా ఉంది. వర్టస్ 1.5 టీఎస్‌ఐ షోరూమ్ నుంచే 250తో వస్తుంది. లెక్క ప్రకారం అక్కడ జాగా సున్నా. వేసుకున్నవాళ్లు తిరగడంలేదా అంటే తిరుగుతున్నారు. కానీ ఎండలో ట్రంకు రోడ్డు ట్రాఫిక్‌లో అంగుళం అంగుళం పాకిస్తే డ్రై క్లచ్ ఎంత వేడెక్కుతుందో, దాని మీద ఇంకో యాభై న్యూటన్ మీటర్లు పెట్టాలో లేదో ఆలోచించుకోండి. టార్క్ కింది ఆర్‌పీఎమ్‌లో ఒక్కసారిగా రాకుండా మెల్లగా పెరిగేలా రాయమని అడగొచ్చు. మంచి ట్యూనర్ మీరు అడక్కముందే ఆ మాట చెప్తాడు.

ఇంజన్‌కి కూడా అదే మంచిది. డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బోల్లో, పై గేర్‌లో 1500 ఆర్‌పీఎమ్ దగ్గర నిండా తొక్కితే, ప్లగ్గు వెలగకముందే మంట అంటుకునే జబ్బొకటి ఉంది. అది నాకింగ్ కంటే మొండిది. ఒక్క దెబ్బకే పిస్టన్ విరగొచ్చు. గేర్ దించి తొక్కండి. ఆయిల్ డబ్బా మీద ఏపీఐ ఎస్‌పీ అని ఉందో లేదో చూసుకోండి. ఆ గ్రేడుకి ఈ జబ్బు మీద పరీక్ష కూడా ఉంటుంది.

సాఫ్ట్‌వేర్ వేసే ముందూ, వేసే రోజూ

మన దగ్గర మార్చి, ఏప్రిల్‌లో వరికోతలు. రోడ్డు పక్కన ధాన్యం ఎండబోస్తారు, పొట్టు గాల్లో ఎగిరి ఇంటర్‌కూలర్, రేడియేటర్ రెక్కల్లో ఇరుక్కుంటుంది. చీమకుర్తి వైపు తిరిగే కార్లకి గ్రానైట్ దుమ్ము ఎయిర్ ఫిల్టర్ నిండా. ఇవి శుభ్రం చేయించకుండా ట్యూన్ వేయించడం దండగ. కడిగేటప్పుడు వాటర్ సర్వీసు గన్ దగ్గర పెట్టి కొట్టొద్దు, రెక్కలు వంగిపోతాయి. ప్లగ్గులు పాతవైతే మార్పించండి. గ్యాప్ ఎంత ఉండాలో, ఒక మెట్టు చల్లని (వేడిని త్వరగా వదిలేసే) ప్లగ్గు వేయాలో వద్దో ట్యూనర్‌నే అడగండి.

ఫ్లాష్ చేసేటప్పుడు, అంటే ఈసీయూలో కొత్త ఫైలు రాసేటప్పుడు, మధ్యలో ఓల్టేజ్ పడితే ఈసీయూ మూగబోతుంది. తర్వాత దాన్ని విప్పి బల్ల మీద పెట్టి బతికించాలి, అదీ తెలిసినవాళ్లు దొరికితే. ఎండాకాలంలో మన కరెంటు సంగతి తెలిసిందేగా. బ్యాటరీకి ఓల్టేజ్ నిలకడగా ఇచ్చే సప్లై పెట్టాలి, దాని వెనక ఇన్వర్టర్ ఉండాలి. ల్యాప్‌టాప్ నిండా చార్జింగ్, స్లీప్ మోడ్ ఆఫ్. ఏసీ, లైట్లు ఆఫ్. ఇంజన్ వేడి మీదుంటే ఇగ్నిషన్ ఆన్‌లో రేడియేటర్ ఫ్యాన్ తిరిగి బ్యాటరీని లాగేస్తుంది కాబట్టి, పొద్దున్నే చల్లని ఇంజన్ మీద చేయించుకోండి.

తర్వాత లాగ్ తీయాలి. డైనో మీద తీస్తే మంచిది. హైవే మీద ఫుల్ థ్రాటిల్ పరీక్షలు వద్దు. రొయ్యల లారీలు కార్చిన నీళ్లు, రాంగ్ రూటులో బైకులు, చీకట్లో లైటు లేని ట్రాక్టర్లు, మన ఎన్‌హెచ్ 16 సంగతి మనకి తెలియంది కాదు. తొక్కాలనే ఉంటే నెల్లూరు నుంచి పొద్దున్నే బయల్దేరితే చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్ ఉంది, ట్రాక్ డే చూసుకుని పోండి. లాగ్‌లో చూడాల్సింది లోపలికి వచ్చే గాలి వేడి, అడిగిన బూస్ట్‌కీ వచ్చిన బూస్ట్‌కీ తేడా, ఒక్కో సిలిండర్‌లో టైమింగ్ ఎంత వెనక్కి పోతోంది అన్నది. అప్పుడప్పుడు ఒకటి రెండు డిగ్రీలు పోవడం మామూలే. తొక్కిన ప్రతిసారీ నాలుగైదు డిగ్రీలు పోతుంటే ఆ ఫైలు మీ కారుకి పడలేదు.

డీజిల్ వాళ్లు మాకు ఈ బాధ లేదనుకోవద్దు. మీకు ఎగ్జాస్ట్ వేడి ఉంది, నల్ల పొగ ఉంది, డీపీఎఫ్ (మసిని పట్టే ఫిల్టర్) మూసుకుపోవడం ఉంది.

కాగితాల గొడవ

కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్ మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కిందికి వస్తుంది. 2019 సవరణ తర్వాత, అనుమతి లేని ఒక్కో మార్పుకి యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. ఇన్సూరెన్స్ వాళ్లకి చెప్పకుండా దాస్తే క్లెయిమ్ రోజున పేచీ వస్తుంది. వారంటీలో ఉన్న కారైతే, స్టాక్ ఫైలు (కంపెనీ అసలు ఫైలు) తిరిగి వేసేశాం కదా అని ధీమా వద్దు. చాలా కార్లలో ఎన్నిసార్లు ఫ్లాష్ చేశారో లెక్క ఈసీయూలోనే ఉండిపోతుంది. క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలో విషవాయువులు తగ్గించే భాగం) పీకేసి సాఫ్ట్‌వేర్‌లో చెక్ ఇంజన్ లైటు ఆర్పేసే పని మాత్రం ఎవరు చెప్పినా చేయించొద్దు.

ఇప్పటికే వేయించుకుని, ఎండలు ముదిరాక శబ్దం మొదలైనవాళ్లు ఈ రోజు చేయాల్సింది చిన్నదే. దొరికే వాటిలో ఎక్కువ ఆక్టేన్ పెట్రోల్ పోయండి, సగం యాక్సిలరేటర్ దాటొద్దు, స్పోర్ట్ మోడ్ ముట్టుకోవద్దు, వీలైనంత త్వరగా స్టాక్ ఫైలు వేయించండి. నేను ఇప్పుడు ఏటా ఏప్రిల్ మొదటివారంలో స్టాక్‌కి వెళ్లిపోయి, తొలకరి పడి రాత్రిళ్లు చల్లబడ్డాక మళ్లీ వేసుకుంటున్నాను. ఫైళ్లున్న పెన్‌డ్రైవ్ గ్లోవ్‌బాక్స్‌లో పెట్టేవాణ్ణి. ఎండకి అది కూడా పోయింది. ఇప్పుడు ఇంట్లో బీరువాలో ఒకటి, మెయిల్‌లో ఒకటి ఉంచుతున్నాను.