తుపాను మధ్యలో గాలి ఆగితే తలుపు తీయకండి

ఈదురుగాలి గంటల తరబడి హోరెత్తించి ఉన్నట్టుండి ఆగిపోయి, వాన తెరిపి ఇచ్చి, ఆకాశం కాస్త తేటపడితే తుపాను వెళ్లిపోయిందని అనుకోవడం సహజమే గానీ, చాలాసార్లు అది తుపాను కన్ను, అంటే దాని నడిమధ్య గాలి నెమ్మదించి ఉండే భాగం, మన మీదుగా దాటుతున్న సమయం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్ద తీరం దాటినప్పుడు నగరవాసులు ఈ విరామాన్ని చవిచూశారు. కన్ను చుట్టూ గాలి సుడి తిరుగుతుంది కాబట్టి, కన్ను దాటిపోగానే అదే ఉధృతితో, అయితే ఈసారి ఎదురు దిక్కు నుంచి విరుచుకుపడుతుంది. మొదటి విడతలో సగం విరిగి వేలాడుతున్న కొమ్మలు, లేచిపోయిన రేకులు రెండో విడతలో ఊడి ఎగిరేది అప్పుడే.

కాబట్టి ఆ నిమిషాల్లో నీళ్ల ట్యాంకు చూసి రావడానికి మేడ ఎక్కడం, బండి పక్కకు జరపడం వంటి పనులు పెట్టుకోవద్దు. అంతవరకు గాలి తగలని వైపు కిటికీల గడియలు బిగించి, మంచాలు, పిల్లలను ఆ గదుల్లోంచి ఇవతలకు మార్చుకుంటే చాలు. తుపాను నిజంగా వెళ్లిపోతున్నప్పుడు గాలి సాధారణంగా మెల్లమెల్లగా తగ్గుతుంది. ఒక్కసారిగా ఆగడమే అనుమానించవలసిన గుర్తు. కరెంటు ఎలాగూ ఉండదు గనుక బ్యాటరీ రేడియోను దగ్గర పెట్టుకుని, తుపాను పూర్తిగా తీరం దాటిందని వాతావరణ శాఖ ప్రకటించాకే గడప దాటండి. అప్పుడైనా తెగిపడిన తీగల జోలికి వెళ్లవద్దు.