అత్యవసర కంటి పాఠాలు – 3: ఒక కంటి చూపు ఉన్నట్టుండి పోతే

గత పాఠంలో ఎర్రబడి సలిపే కన్ను గురించి నేర్చుకున్నాం. ఈసారిది నొప్పి లేని ప్రమాదం. నొప్పి లేదు కదా అని "రేపు చూపించుకుందాంలే" అనుకుని పడుకుంటారు. నా భయమంతా అక్కడే.

రెటీనా అంటే కంటి వెనక వెలుగును పట్టే తెర. దాని లోపలి పొరలకు రక్తం తెచ్చే ముఖ్య ధమని ఒక్కటే. మెడలోని కెరోటిడ్ ధమని నుంచి ఊడిన కొవ్వు ముక్కో, లయ తప్పిన గుండెలో పుట్టిన రక్తపు గడ్డో అందులో ఇరుక్కుంటే చూపు క్షణాల్లో పోతుంది. ఇది కంటికొచ్చిన పక్షవాతమే. కోతులపై చేసిన ప్రయోగాల్లో సుమారు 4 గంటలు రక్తం అందకపోయేసరికి రెటీనా కోలుకోలేనంతగా దెబ్బతింది.

ఇక సాధన. నాన్నగారు "ఏమీ కనబడట్లేదురా" అన్నారనుకోండి. ఆయన అరచేతితోనే కుడికన్ను నొక్కకుండా కప్పించి, మీ వేళ్లు ఎన్నో చెప్పమనండి. తర్వాత ఎడమకన్ను. రెండు కళ్లలోనూ ఒకే పక్క సగం కనబడకపోతే తేడా మెదడులో ఉన్నట్టు; అప్పుడూ పరుగెత్తాల్సిందే. "చివరిసారి బాగా కనబడింది ఎప్పుడు?" అని అడిగి ఆ టైము కాగితం మీద రాయండి. నిద్ర లేచాక తెలిస్తే, పడుకునే ముందు బాగా కనబడిన వేళే లెక్క.

వెంటనే 108కి ఫోన్ చేయండి. కళ్లద్దాల షాపుకి వద్దు. సీటీ స్కాన్, రాత్రింబవళ్లు పక్షవాతం వైద్యం ఉన్న ఆసుపత్రికే వెళ్లాలి. క్యాజువాలిటీలో ఇలా చెప్పండి: "7 గంటల 10 నిమిషాలకు కుడికన్ను చూపు పోయింది, నొప్పి లేదు, స్ట్రోకేమో చూడండి." ఈ ఒక్క వాక్యంతో చాలా సమయం కలిసొస్తుంది.

దారిలో ఆస్పిరిన్ మీరే వేయకండి, కన్ను పిసకకండి. కంటిని నొక్కడం, సూదితో కంట్లో నీరు తీయడం పాత పద్ధతులు. వాటితో మేలు జరుగుతుందని రుజువు కాలేదు. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌ను నాలుగున్నర గంటల లోపు వచ్చిన కొందరికి డాక్టర్లు ఆలోచిస్తారు, అదీ ఖాయమైన వైద్యం కాదు. అయినా తొందరెందుకంటే, తర్వాతి రోజుల్లో మెదడుకు పక్షవాతం వచ్చే ముప్పు ఎక్కువ. మెడ ధమనినీ గుండెనూ పరీక్షించి మందులు మొదలుపెడితే ఆ ముప్పును తగ్గించవచ్చు.

50 దాటినవాళ్లకు కొత్తగా తలనొప్పి, దువ్వుకుంటే మాడు నొప్పి, నమిలితే దవడ నొప్పి ఉంటే తప్పక చెప్పండి. అది ధమనుల వాపు కావచ్చు. రెండో కన్నును కాపాడటానికి స్టెరాయిడ్లు వెంటనే పడాలి.

పది నిమిషాల్లో చూపు తిరిగొచ్చిందా? అయినా అదే రోజు అదే ఆసుపత్రికి వెళ్లండి.

వచ్చే పాఠం: కంట్లో మెరుపులు, నల్లచుక్కలు.