అమెరికాలో కౌన్సెలర్‌ని వెతుక్కునే మన నెల్లూరు, ఒంగోలు పిల్లలకు

కావలి నుంచో కందుకూరు నుంచో ఎమ్మెస్‌కి వచ్చిన పిల్లలు జ్వరమొస్తే ఇంట్లో చెప్తారు. నిద్ర పట్టట్లేదని, క్లాసుకు వెళ్లబుద్ధి కావట్లేదని మాత్రం చెప్పరు. అప్పు చేసి పంపిన నాన్నకు మళ్లీ ఈ టెన్షన్ ఎందుకని. ఇంట్లో చెప్పలేకపోయినా ఇక్కడ చెప్పుకోవడానికి ఒక మనిషి ఉండాలి.

ముందు మీ యూనివర్సిటీ కౌన్సెలింగ్ సెంటర్‌కి వెళ్లండి. చాలాచోట్ల ఆ ఖర్చు మీరు కట్టిన ఫీజులోనే కలిసి ఉంటుంది. కొన్ని సెషన్లు చూసి, ఇంకా అవసరమైతే బయటికి పంపుతారు. బయట వెతికేటప్పుడు ఆ థెరపిస్టు మీ ఇన్సూరెన్స్ నెట్‌వర్క్‌లో ఉన్నారా, ఒక్కో విజిట్‌కి కోపే (మీ జేబులోంచి కట్టాల్సిన వాటా) ఎంత అని ముందే అడగండి. థెరపిస్టుకు మామూలుగా మీరుండే రాష్ట్రంలో లైసెన్స్ ఉండాలి, వీడియోలో చూసినా అంతే. మందులు కావాలంటే సైకియాట్రిస్టు దగ్గరికో, మందులు రాయగల వేరే డాక్టరు దగ్గరికో వెళ్లాలి.

తెలుగువాళ్లే అయితే బాగుంటుందా? అమ్మతో గొడవ, పెళ్లి సంబంధాలు, ఊళ్లో మాట పోతుందన్న భయం, ఇవి తెలుగులో చెప్పుకుంటే సగం వివరణ తప్పుతుంది. కానీ కొందరికి మనవాళ్ల ముందే నోరు పెగలదు, తెలియనివాళ్ల దగ్గర ధారాళంగా చెప్తారు. అది మీకే తెలుస్తుంది. మన అసోసియేషన్‌లో పాకిపోతుందేమో అని మాత్రం ఆగిపోకండి. మీకు 18 నిండాయి కాబట్టి మీ అనుమతి లేకుండా ప్రొఫెసర్‌కి గానీ ఇంట్లోవాళ్లకి గానీ కౌన్సెలర్లు చెప్పకూడదు. ప్రాణాపాయం, పిల్లలపై హింస లాంటి కొన్ని సందర్భాలే దీనికి మినహాయింపు. ఆ వివరం మొదటిరోజే అడిగి తెలుసుకోండి.

చాలామంది థెరపిస్టులు మొదట పావుగంట ఫోన్‌లో ఉచితంగా మాట్లాడతారు. "మా ఇంట్లో ఏ నిర్ణయమైనా అందరం కలిసి తీసుకుంటాం, అలాంటి కుటుంబాలవాళ్లను చూశారా?" అని అడగండి. వింటూ తిరిగి ప్రశ్నలు వేసేవాళ్లు మంచివాళ్లు. మొదటి గంటలోనే మీ అమ్మానాన్నలతో మాట్లాడటం తగ్గించమని తేల్చేస్తే ఇంకొకరిని చూసుకోండి. మొహమాటపడొద్దు, థెరపిస్టును మార్చడం ఇక్కడ మామూలే.

మొదటిరోజు చాలాచోట్ల తొమ్మిది ప్రశ్నల కాగితం ఇస్తారు. గత రెండు వారాల్లో నిద్ర, ఆకలి, ఉత్సాహం లాంటి వాటిలో ఇబ్బంది ఎన్ని రోజులు ఉందో టిక్ పెట్టాలి. మనవాళ్లు అన్నిటికీ "అస్సలు లేదు" పెట్టేస్తారు. అలా చేయకండి బాబూ. చనిపోతే బాగుండన్న ఆలోచన గురించి అడిగే చివరి ప్రశ్నకు కూడా ఉన్నదున్నట్టే పెట్టండి, దాని మీద మీతో మాట్లాడటానికే ఆ ప్రశ్న ఉంది.

అపాయింట్‌మెంట్ దాకా ఆగలేనంత కష్టంగా ఉంటే ఇక్కడి సంక్షోభ హెల్ప్‌లైన్ 988కి కాల్ చేయండి, మెసేజ్ అయినా పెట్టొచ్చు. 24 గంటలూ పలుకుతారు. మీ మీద దిగులుతో ఊళ్లో అమ్మకు నిద్ర పట్టట్లేదంటే ఆమెకు 14416 నంబరు ఇవ్వండి. అది మన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు.