మోకాలి చిప్ప మార్పిడికి ముందు రక్తనాళాల సంగతి చూసుకోండి

శ్రీకాకుళంలో అమ్మకో నాన్నకో మోకాలి ఆపరేషన్ అనుకుంటున్నారా? ప్యాకేజీ ఎంత, ఇంప్లాంట్ ఏ కంపెనీది అని అడిగి ఆగిపోకండి. మోకాలి వెనకే, కింది కాలికి రక్తం తీసుకెళ్లే పాప్లిటియల్ ధమని ఉంటుంది, దానికి దెబ్బ తగలడం అరుదే గానీ తగిలితే కాలికే ముప్పు.

– పాదం మీద, చీలమండ దగ్గర నాడి చూడమనండి. సరిగా అందకపోతే డాప్లర్ (రక్తం ఎలా పారుతోందో చూసే స్కాన్) చేయించాకే ఆపరేషన్ తేదీ.

– షుగర్, కాలికి పాత స్టెంట్ లేదా బైపాస్, నాలుగడుగులు వేస్తే పిక్క పట్టేయడం, చుట్ట అలవాటు, అదీ మన పల్లెల్లో మామ్మలు నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ అయినా సరే, అన్నీ చెప్పేయండి, ఎందుకంటే ధమని గోడలు గట్టిపడి ఉంటే తొడకు టోర్నికే (ఆపరేషన్‌లో రక్తం ఆపే పట్టీ) బిగించాలా వద్దా అన్నది డాక్టర్ ముందే ఆలోచించుకోవాలి.

– రక్తం పలచబడే మాత్రలు సొంతంగా ఆపొద్దు.

– రక్తనాళాల సర్జన్ అందుబాటులో ఉన్నారా? లేకపోతే విశాఖకు వంద కిలోమీటర్ల పైమాటే, రక్తం ఆగిన కాలు 6 గంటలు దాటితే కోలుకోవడం కష్టం. ఈ ప్రశ్నకు మొహం చిట్లించే చోట నేనైతే చేయించను.

– ఆపరేషన్ అయ్యాక పాదం చల్లబడినా, పాలిపోయినా, వేళ్లు కదలకపోయినా వెంటనే నర్సును పిలవండి. మత్తు ఇంకా దిగకపోతే నొప్పి తెలియదు, కాబట్టి నొప్పి లేదు కదా అని ఊరుకోవద్దు. తర్వాత రోజుల్లో పిక్క వాచినా, ఆయాసం వచ్చినా రక్తం గడ్డ కట్టిందేమో చూపించాలి.